పదకొండవ పుట

మల్లికార్జునరావుగారు తెనాలి ప్రాంతం నుండి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినవారు. ఒక ప్రభుత్వ కార్యాలయపు నకళ్ళ విభాగంలో ముప్పైనాలుగు సంవత్సరములు పనిచేసి, 2010 జూన్ మాసాంతమున పదవీ విరమణ చేశారు. ఉత్తరములకు నిజప్రతులు తయారుచేయుట ఆయన ఉద్యోగం. ఒక్క కామా తప్పినా ఆ పుట చించివేసి మళ్ళీ మొదటి నుండి టైపు చేసేవారు. అటువంటి మనిషి మీద, ఒక పుట మొత్తం మాయం చేశాడన్న నింద పడింది.

తుర్కయంజాల్ వైపు మంచినీటి గొట్టాలు వేస్తామని ఒక విదేశీ కంపెనీ ఒప్పుకున్నది. పని సాగలేదు, ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆ కంపెనీ, తమ దేశానికీ మన దేశానికీ నడుమ ఉన్న పెట్టుబడుల ఒడంబడికను పట్టుకొని, పరదేశంలో ముగ్గురు మధ్యవర్తుల ఎదుట మన ప్రభుత్వంపై వ్యాజ్యం వేసింది. ఆ విచారణ తలుపులు మూసుకొని జరిగేది. ఎవరు ఏమి వాదించారో, ఏ కాగితం దాఖలయినదో వాదిప్రతివాదులకు తప్ప ఇతరులకు తెలియదు. లోకానికి తెలిసినదల్లా 2011లో ఒక పత్రికలో వచ్చిన నాలుగు పంక్తులు: ప్రభుత్వం పంపిన షరతుల లేఖ నకలులో పదకొండవ పుట లేదట, ఒప్పందం రద్దు చేసే హక్కు ఆ పుటలోనే ఉన్నదట.

ఆ నకలు తీసినది రావుగారే. తెలంగాణ ఉద్యమం ఊరంతా కమ్ముకొని ఉన్న రోజులవి. పింఛనుదారుల సమావేశంలో ఒకాయన, "ఆంధ్రా గుమాస్తా గదా, పేజీ గుంజి పడేసిండు," అని నవ్వుతూ అన్నాడు. ఇంకొకాయన అదే మాట నవ్వకుండా అన్నాడు. రావుగారు మరి ఆ సమావేశాలకు వెళ్ళలేదు.

నింద ఒక ఎత్తు. ఆయన మనస్సులోని సందేహం మరొక ఎత్తు. నకలు తయారయిన పిమ్మట ఒకరు అసలును పైకి చదవాలి; ఇంకొకరు నకలుపై వేలు పెట్టి సరిచూడాలి; చివర ఇద్దరూ సంతకాలు చేయాలి. అది కార్యాలయపు కట్టుబాటు. రావుగారికి చదివి వినిపించేవాడు తుర్కయంజాల్ బిక్షమయ్య, ఆ విభాగంలోనే రికార్డు అసిస్టెంటు. 2010 జనవరిలో ఆ లేఖకు నకలు తీసిన రోజున బంద్. బిక్షమయ్య రాలేదు. వ్యాజ్యం కోసం సాయంత్రంలోగా నకలు ఢిల్లీకి పోవాలని పైవారి ఒత్తిడి. ఫ్యాక్సులో వచ్చిన ఆ లేఖ అప్పటికే వెలిసిపోయి జెరాక్సుకు ఎక్కలేదు. రావుగారు భూతద్దం పట్టుకొని పధ్నాలుగు పుటలూ టైపు చేసి, చదివినవారు, సరిచూచినవారు అన్న రెండు చోట్లా తామే సంతకం పెట్టి పంపివేశారు.

ఇప్పుడా ఫ్యాక్సు ఉత్త తెల్లకాగితమై ఉంటుంది. సాక్షి లేడు.

"మీరు పేజీ వదిలేసే మనిషేనా? చేసే ఉంటారు లెండి," అనేవారు భార్య సూర్యప్రభగారు.

"టైపు చేశానని చెప్పగలను. సరిచూశానని మాత్రం చెప్పలేను."

సమాచార హక్కు చట్టం కింద మూడు అర్జీలు పెట్టారు. మూడింటికీ ఒకటే జవాబు: గోప్యమైన విషయమగుటచే ఇవ్వజాలము.

2014 మే నెలలో, రాష్ట్రం రెండయ్యే ముందు, కార్యాలయాలలో ఫైళ్ళ పంపకం జరుగుతుండగా బిక్షమయ్య ఫోన్ చేశాడు. "సారూ, జల్ది ఎల్బీనగర్ రా. మా ప్రవీణకు నీ కేసు కాగితాలు దొరికినయంట."

ప్రవీణ బిక్షమయ్య కూతురు. ఎల్బీనగర్ కోర్టులో వకీలు. చౌరస్తా పక్కన కిరాయి గదిలో ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నది.

"కూసోండి అంకుల్. గిట్లాంటి కేసులల్ల కాగితాలు పబ్లిక్‌కు చూపెట్టాలని ఐక్యరాజ్యసమితి రూల్స్ మొన్న ఏప్రిల్ నుంచి అమలైనయ్. మన కేసు పాతది, దీనికి వర్తించయ్. కానీ రెండు పార్టీలు ఒప్పుకొని అన్నీ వెబ్‌సైట్‌ల పెట్టిండ్రు. కంపెనీ కేసు కొట్టేసిన్రు."

"అది తరువాత చూద్దామమ్మా. ముందు ఆ లేఖ చూపించు."

ఆమె ఒక్కొక్క పుటా జరిపింది. తొమ్మిది. పది. రావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పదకొండు. పై అంచున నడిమధ్య అంకె. కింద, రద్దు చేసే హక్కు గురించిన షరతు, తాము కొట్టిన అక్షరాలలో. ఆయన రెండుసార్లు చదివారు.

"మరి లేదని ఎందుకన్నారు?"

ప్రవీణ తీర్పులో ఒక పేరా వెతికి తెలుగులో చెప్పింది. పదకొండవ పుట తమకు అందలేదని కంపెనీవారు మొదట అన్నారు. తరువాత అది తమ బైండింగులోనే పన్నెండవ పుట వెనుక దొరికిందని ఒప్పుకున్నారు. ఆ సంగతి 2011లో, మొదటి విచారణలోనే తేలిపోయింది.

"అంటే మూడేండ్ల కిందనే తెలుసు వాళ్ళకు!" అన్నాడు బిక్షమయ్య. "ఒక్కడన్న నోరు తెరువలే. ఊకె మనిషిని పరేషాన్ చేసిన్రు." అంతలో ప్రవీణ నకలు చివరి పుట తెరవగా, తెర మీదికి వంగాడు. "సారూ, గిదేంది? సదివినోళ్ళు అన్న కాడ గుడ నీ దస్కతే ఉన్నది?"

రావుగారు తల వంచుకున్నారు. "ఆ రోజు నువ్వు రాలేదు."

"ఎట్లొస్త? గా దినం గీ చౌరస్తలనే రోడ్డు మీద పొయ్యి పెట్టి వంట చేస్తున్నం. బస్సులు ఆపిందే నేను!" బిక్షమయ్య పగలబడి నవ్వాడు. నవ్వి, చటుక్కున ఆగాడు. "నాకెందుకు చెప్పలే సారూ? నేనే సదివిన అని చెప్పేటోన్ని గద."

"చెబుతావనే చెప్పలేదయ్యా."

బిక్షమయ్య మళ్ళీ ఆ సంతకం వైపు చూశాడు. తరువాత, "నీ అసొంటోడు పేజీ గుంజుతడా? గాళ్ళకు దిమాక్ లేదు," అన్నాడు మెల్లగా.

ప్రవీణ ఆ పుటనూ, తీర్పులోని పేరానూ ప్రింటు తీసి ఇచ్చింది. రావుగారు ఇంటికి ఫోన్ చేశారు.

"ఉన్నదా?" సూర్యప్రభగారి మొదటి మాట అదే.

"ఉన్నది. 2011లోనే ఉన్నదని తేల్చారట."

"పాపం, తేల్చినవాళ్ళకు మన ఫోన్ నంబరు దొరకలేదు కాబోలు!"

రావుగారు బిగ్గరగా నవ్వారు. ప్రవీణ ఉలిక్కిపడి చూసింది.

"ఎండ తగ్గాక బయలుదేరండి," అన్నారు సూర్యప్రభగారు ఫోన్‌లో. "మామిడికాయ పప్పు చేస్తాను."

"ఇప్పుడే వస్తున్నాను," అన్నారాయన. "ఆకలిగా ఉన్నది."