కారం లేని ఎర్రకూర

కడుపులో పుండు పడిందని డాక్టరు అమ్మను కారం మానేయమన్నాడు. ఊపిరి పీల్చడం మానేయమన్నా ఇంతకన్నా సులువుగా ఒప్పుకునేది. పాలిపోయిన పప్పు, పలచని మజ్జిగ, వాటి ముందు వాటికంటే పాలిపోయిన అమ్మ. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని కంచం పక్కకు నెట్టేసేది. చేతికున్న గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మనిషి మిగలదని నాకూ నా భార్యకూ భయం పట్టుకుంది.

అప్పుడు మేము శామీర్‌పేటలో ఉండేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. జీడిమెట్లలో ఒక కంపెనీకి మిషను బిగించడానికి హంగేరీ దేశం నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన్ని మేడ్చల్ గెస్ట్‌హౌస్ నుంచి తీసుకెళ్ళి, తీసుకొచ్చే పని నాది. కారు సేటుది, స్టీరింగు నాది. బడి నన్ను ఏడో తరగతిలో వదిలించుకుంది. ఆయన ఇంగ్లీషు కూడా ఇంచుమించు అక్కడే ఆగింది కాబట్టి మాకు బాగా కుదిరింది. చాలనిచోట చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. దారిలో గేదెలే కాస్త జాగ్రత్తగా ఉండాల్సి వచ్చేది.

ఒకరోజు వాళ్ళమ్మ పంపిందని ఒక డబ్బా మూత తీసి చూపించాడు. లోపల ఎర్రెర్రని మిరప్పొడి. కొంచెం నాలుక మీద వేసుకుని మంట కోసం ఎదురుచూశాను. రాలేదు. రంగు చూస్తే మన కారానికి తోడబుట్టింది, గుణం చూస్తే ఎక్కడికో దత్తత పోయింది. వెంటనే అమ్మ కంచం గుర్తొచ్చింది. ఆ పొడితో వాళ్ళ ఊరి పెద్దకూర, అదే గొడ్డుమాంసం కూర, మా ఇంట్లో వండమని ఆదివారానికి పిలిచాను.

వచ్చాడు. అమ్మ వంటింటి గుమ్మానికి ఎదురుగా మంచం వేయించుకుని పహారా కూర్చుంది.

మాంసమెంతో ఉల్లిగడ్డలు కూడా అంతే కావాలన్నాడాయన. నా భార్య కోసి కోసి ఏడ్చింది. జీలకర్ర ఇస్తే వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. బిర్యానీలో వేసే షాజీరా ఇస్తే పొట్లాన్ని ముద్దు పెట్టుకున్నాడు.

"అల్లం ఎయ్యడా?" అమ్మ కేక.

"ఎయ్యడంట."

"అల్లం లేకుంట పెద్దకూరేందిరా? గాయన నిన్ను ఆగం జేస్తుండు."

ఉల్లిగడ్డ మెత్తబడగానే గిన్నె దించి పక్కన పెట్టాడు. మంట మీద వేస్తే పొడి మాడి చేదెక్కుతుందట. తర్వాత గరిటెలతో పొడి కుమ్మరించాడు. అమ్మ మంచం మీద నుంచి సగం లేచింది.

"వద్దను బిడ్డా! సచ్చిపోతడు!"

"ఏం గాదు అత్తమ్మా, గది తియ్యటిదంట," అంది నా భార్య.

మాంసం, ఆలుగడ్డలు వేసి సన్నని సెగ మీద పెట్టాడు. కుక్కరు చూపిస్తే వద్దన్నాడు. మధ్యాహ్నం చాలాసేపటి దాకా అది ఉడుకుతూనే ఉంది. ఇల్లంతా కమ్మని వాసన. అమ్మ ముక్కు వంటింటి వైపే ఉంది. మేమిద్దరం సైగలు చేసుకుని సంబరపడ్డాం.

సరిగ్గా అప్పుడే ఆయన గరిటెతో చారు తీసి, ఊది, పెదాలకు ఆనించి జుర్రి, అదే గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టి కలిపాడు.

మా ఇంట్లో ఉడికే కూరను ఎవరూ రుచి చూడరు. ఉప్పు ఎంతుందో అమ్మ వాసనతోనే చెబుతుంది. చిన్నప్పుడు ఒకసారి నేను గరిటె నాకితే, ఎంగిలి చేశానని కూర మొత్తం నా ముందే పెట్టి, వేరే కూర వండుకుంది. ఇప్పుడు ఆమె అంతా చూసింది. మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది.

"నాకొద్దు. మీరు తినుర్రి."

ఆయన గరిటె పట్టుకుని మా మొహాలు చూస్తున్నాడు. నా భార్య కంచం పట్టుకుని నిలబడిపోయింది.

గోడ వైపు నుంచే అమ్మ అడిగింది. "ఆయనకు తల్లి ఉన్నదారా?"

"ఉన్నది. గా పొడి ఆమెనే పంపింది."

"ఆమె ముంగట గూడ గిట్లనే నాకుతడా? అడుగు."

సైగలతో అడిగాను. ఆయన పకపకా నవ్వాడు. గరిటె ఎత్తి తన వేళ్ళ మీద తానే టకటకా కొట్టుకుని చూపించాడు. వాళ్ళమ్మ వరస అదన్నమాట.

అమ్మ ఇటు తిరిగింది. "కొట్టినంక తింటదా, పారబోస్తదా?"

"తింటదంట."

"తినక ఏం జేస్తది, కన్నది గదా." లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. "చిన్నప్పుడు నీ ఎంగిలి ఎంత తినలేదు నేను! గీ పిల్లగానిది ఎక్కువైందా? పెట్టు."

పిల్లగాడికి బట్టతల, నాకంటే పదేళ్ళు పెద్ద.

అన్నంలో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మంట వస్తుందని కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత ఒక కన్ను తెరిచింది. నమిలింది. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. మేము ముగ్గురం గుమ్మంలో ఇరుక్కుని చూస్తున్నాం.

"ఏం జూస్తుర్రు? ఉప్పు తక్కువైంది," అని కంచం ముందుకు చాపింది. "ఇంకింత ఎయ్యి. ముక్కలు జూసి ఎయ్యి."