స్కూటరు మీద దాచిన మాట

నిరూపణలు నేర్పకుండా గణితంలో డిగ్రీ ఇవ్వొచ్చా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. ఈ రోజు మా కాలేజీ సిలబస్ సమావేశంలో, ఆ నిరూపణలు నేర్పే రియల్ అనాలిసిస్ పేపరు తప్పనిసరిగా ఉండాలా వద్దా అన్నదే చర్చ. నా వైపు మాట్లాడుతుందని పాత విద్యార్థిని రమను సభ్యురాలిగా నేనే పెట్టించాను. బస్టాండు నుంచి నా స్కూటరు మీదే తీసుకొచ్చాను. దారంతా కబుర్లు చెప్పింది. తీరా లోపలికొచ్చాక ప్రిన్సిపాల్‌తో "తీసేయండి సార్" అంది.

"ఏమే రమా, ఆ పేపరంటే ప్రాణం పెట్టినదానివి నువ్వేనా?" అన్నాను.

"ఇప్పుడూ ప్రాణమే మేడమ్. మా కంబదూరు ఆడపిల్లోళ్లు ఆ ఒక్క పేపరు తప్పి, డిగ్రీ లేక ఇంట్లో కూచోనుండారు. వాళ్లకేం చెప్పల్ల?"

పేపరు ఐచ్ఛికమైంది. మళ్లీ బస్టాండులో దింపిందీ నేనే. నా వెనకే కూర్చొని ఆ మాట దాచుకుందని తలుచుకుంటే కడుపు మండుతోంది. మీరైతే ఏమనేవారో చెప్పండి. ఆమెది ద్రోహమో న్యాయమో నాకింకా తేలలేదు.