లైటు ఆర్పొద్దన్న మేస్త్రీ

మా గ్యారేజీ మేస్త్రీ పొయినాడని ఆయప్ప రూములో ఉండే వంటోడు ఫోన్లో చెప్తే వాన్నే తిడ్తి. ఇంకెవుర్ని తిట్టాలో తెలీలా. ఏడుపు రాలా, కోపమొచ్చె. అది ఇంకా తగ్గలా, అందుకే రాస్తాండా. నేను సదివింది ఐదో తరగతి, అదీ సగమే. తప్పులుంటే మీరే సర్దుకోండి.

కువైట్లో, రుమైథియాలో నేను డ్రైవరుగా ఉండే ఇంట్లో ముసలి కారొకటుంది. మనిద్దర్లో ముందు ఎవురు ఆగిపోతారో చూద్దామని దాంతో పందెం కాస్తాంటే మామా, అంటే మా ఇంటి యజమానురాలు, నవ్వుతాది. పోయిన ఎండాకాలం దాని ఇంజిను లైటెలిగె. పెట్రోలు మంచినీళ్ల మాదిరి తాగబట్టె. ఒక గ్యారేజీవాళ్లు పొగలో గాలెంతుందో చెప్పే ఆక్సిజన్ సెన్సరు పొయిందని కొత్తది బిగించిరి. నాల్గునాళ్లకే మళ్లా అదే లైటు. ఇంకోడు, లైటు రాకుండా అడ్డమేదో తగిలిస్తా, ఖలాస్ అనె.

అప్పుడు మేస్త్రీ కాడికి తీసకపోతి. ఆయప్పకు కడుపు ముందొస్తాది, మనిషి వెనకొస్తాడు. నువ్వు కింద దూరితే జాకీ అక్కర్లేదు, కారే పైకి లేస్తాది అంటి. నవ్వలా. ఇంజిను ముందర ఆయప్ప నవ్వడు.

సెన్సరు వైరుకు మీటరు తగిలించె. అంకె పైకీ కిందికీ ఆడాలంట, అది కిందనే పడుండె. నన్ను యాక్సిలేటరు తొక్కమనె. తొక్కితే లేసి ఆడె. సెన్సరు బతికే ఉంది అనె. పొగగొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టి నన్ను పట్టుకోమనె. ముందర, సెన్సరుకు పైన, పైపు అతుకు కాడ బుస్సుమని సప్పుడొచ్చె.

"ఈ సందులో బయట గాలి దూరుతాంది. గాలెక్కువైందని ఇది చెప్తాంటే, ఇంజిను పెట్రోలు ఎక్కువ పోస్తాంది. నిజం చెప్పేదాన్ని పీకి పారేస్తే ఎట్ల తాతా?"

ఆ అతుకులో గ్యాస్కెట్ మార్చె. లైటు ఆరిపాయె. లైటు మాత్రం ఆర్పమనేవాళ్లు నా కాడికి రావాకండని అందరికీ చెప్తాండె.

అంత తెలిసిన మనిషి ఏం చేసినాడో వినండి. అప్పటికే ఆయాసం. బోల్టు విప్పి కారుకు ఆనుకోని నిలబడ్తాండె. ఆస్పత్రికి పోదాం రమ్మంటి.

"గుండె జబ్బని కంప్యూటర్లో ఎక్కించినారంటే ఇఖామా కొట్టేసి ఊరికి పంపిస్తారు తాతా. రెన్యూవలు అయినాక పోతా."

ఈ మాట ఎవుడు పుట్టిచ్చినాడో గానీ మా రూముల్లో అందరూ నమ్ముతారు. అట్లాంటిదేం లేదని ఆయప్పకు వీసా ఇచ్చిన కఫీలే చెప్పె. వింటేనా? గ్యాసు మాత్రలు మింగి నొప్పిని కూసోబెట్టె. ఏమయ్యా, కారుకు చెయ్యనన్న పని నీ వొంటికి చేసుకుంటివే. నీకు బుద్ధుందా?

శుక్రవారం అబూ హలీఫాలో మేస్త్రీ ఉండిన రూములో అందరం కూసున్యాం. పుణ్యాత్ముడు, బాధపడకుండా పాయె అనె ఒకడు. నాకు మండె. ఎండాకాలం నుంచీ బాధపడ్తానే ఉండాడు, మీరు చూడలా అంటి.

"మీలో గ్యాసు మాత్రలు మింగేవాళ్లు ఎవురెవురు?"

వంటోడు దిండు కింద చెయ్యి పెట్టి ఏదో లోపలికి తోసె. వాన్నీ, ఇంకో ఇద్దర్నీ యల్లా, పదండి ఆస్పత్రికి అని లేపి కార్లో ఎక్కిస్తి. ముందు నువ్వు చూపిచ్చుకో తాతా, నీకు మాత్రం ఇఖామా లేదా అని దారిపొడుగునా వంటోడు సణిగె.

సరేనని ముందు నేనే పోతి. డాక్టరు చొక్కా పైకెత్తమనె. రొమ్ము మీద గొట్టం సల్లగా తగిలె. ఊపిరి గట్టిగా పీల్చమనె, పీలిస్తి. ఆయన కండ్లు మూసుకోని వింటాండాడు. తెర సందులోంచి ముగ్గురూ నోళ్లు తెరుచుకోని ఆయన మొగంకల్లే చూస్తాండారు.