రాజుగారికి వినపడని మాట

నా చిన్నప్పుడు నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది తక్కువ. ఏడో తరగతి పరీక్షలు రాసిన ఆ ఎండాకాలం అయితే మరీ. యాలాల్ దగ్గర చిన్న ఊరు మాది, బడి ఏడుతోనే ఆగిపోయేది. పై చదువుకు వికారాబాద్ హాస్టల్లో చేర్పిస్తానని మా తెలుగు సారు అన్నాడు. మా నాయన వద్దన్నాడు. ఎందుకని అడిగితే జవాబు చెప్పకుండా గొర్రెలను తోలుకుని పోయేవాడు. నాకు అన్నం సహించేది కాదు. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతుంటే, "కాలుగాలిన పిల్లి లెక్క ఏం తిరుగుతవే" అని మా అమ్మ కసిరేది.

సెలవులిచ్చే ముందు సారు ఏటా ఒక నాటకం రాసి, పిల్లలనూ పెద్దలనూ కలిపి ఆడించేవాడు. ఆ ఏడు కథలో కోట దాటొద్దని కూతురికి ఆజ్ఞ వేసే రాజు ఉన్నాడు. ఊరి బాగోతంలో ఎప్పుడూ రాజువేషం కట్టేది మా నాయనే కాబట్టి రాజు ఆయనే, కూతురిని నేను.

అంకమంటే ఏమిటి, ప్రవేశం ఎటునుంచి, నిష్క్రమణ ఎటు, అన్నీ సారు ఓపికగా చెప్పేవాడు. నా బుర్రకెక్కింది ఒక్క స్వగతమే. పాత్ర తన మనసులో మాట పైకి చెప్పుకుంటుంది. చూసేవాళ్లందరికీ వినపడుతుంది, పక్కనే నిలబడ్డ పాత్రకు మాత్రం వినపడదు. ఈ నియమం దగ్గర మా నాయన మహా కఠినం. మంత్రివేషం పిల్లవాడు ఒకసారి రాజు స్వగతం విని నవ్వితే, "నీకు ఇనపడదురా! నువ్వు గోడవు!" అని గదిమాడు.

నా స్వగతాన్ని మాత్రం సారు ఆఖర్ల ఇస్తానని దాటవేస్తూ వచ్చాడు. ఆటనాటి సాయంత్రం తెర వెనక అడిగితే చల్లగా అన్నాడు, "నేనేం రాయలే బిడ్డా. నిన్ను నిలువనీయకుంట తిప్పుతున్న మాట ఉన్నది సూడు, గదే చెప్పు. రాజు అడ్డం రాలేడు."

తాండూరు బండలు పరిచిన బడి అరుగే మా రంగం. ఊరంతా ఎదురుగా కూర్చుంది. పక్కన రాజు మీసం దువ్వుతూ నిలబడ్డాడు. నేను జనం వైపు తిరిగాను.

"నాకు సదువుకోవాలనున్నది. వద్దంటే వద్దు గని, ఎందుకో చెప్పకపోతే నాకు బుక్క దిగుతలేదు."

మీసం మీద చెయ్యి ఆగిపోయింది. ఆయన కదల్లేదు. ఆయన పట్టుబట్టిన నియమమే కదా. ముందు వరుసలో మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక ఆజ్ఞ వినిపించాల్సిన రాజు, ఆజ్ఞ మానేసి పక్కకు తిరిగాడు. నాటకంలో లేని స్వగతం మొదలుపెట్టాడు.

"గొర్రెపిల్ల తప్పిపోతే గుట్టలన్ని దేవులాడుత. వికారాబాద్ల బిడ్డ తప్పిపోతే యాడ దేవులాడాలె? బోర్డు సదువరాదు నాకు. ఎవలనడగాలె?"

ఇన్నాళ్లూ ఆయనది మొండితనమనుకున్నాను. భయమని నాకేం తెలుసు? ఏడుపు తన్నుకొస్తున్నా, నాకూ వినపడకూడదు గనక బడి కప్పు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పంపుతాడో లేదో తెలియక బడి తెరిచే దాకా నేను వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను. ఆ పొద్దున ఆయన నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని ముందు నడిచాడు. తాండూరు స్టేషన్లో నన్ను రైలెక్కించి, కిటికీ దగ్గర అచ్చం అరుగు మీదలాగే పక్కకు తిరిగి పట్టాలతో చెప్పాడు, "ఆయితారం అస్త. దారి అడుక్కుంట అడుక్కుంట అస్త." నేను నియమం తప్పకుండా, విననట్టే ఇంకోవైపు చూశాను.

మా నాయన పోయి చాలా ఏళ్లయింది. నా తిరుగుడు ఇప్పటికీ పోలేదు. కానీ వంటింట్లో కోడలు గిన్నెలతో గొణుక్కుంటున్నప్పుడు, మనవరాలు తలుపు వెనక తనలో తాను విసుక్కుంటున్నప్పుడు, ఉన్నచోటే ఆగిపోతాను. అటు తిరగను, ఏమైందని అడగను. గోడలా నిలబడి మొత్తం వింటాను.