తోడికోడళ్ల చలవతొట్టి

నా ఉద్యోగం ఏమిటని బంధువులు అడిగితే చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. పంట ఎలా పండించాలో రైతులకు నేను చెప్పను, అది వాళ్లకు తెలుసు. కోసిన పంట చేతులు మారేదాకా పాడవకుండా ఏం చెయ్యాలో చూడటం నా పని. వెనకటి రోజుల్లో దీనికోసం ఒక మనిషి పల్లెలు తిరగాల్సిన అవసరం లేకపోయింది. ఇప్పుడు ఎండలు ముదిరాయి. వానలు కళ్లంలో ధాన్యం ఆరబోసిన రోజే చూసుకుని వస్తున్నాయి. మా అత్తగారు మాత్రం "మా కోడలు కాయలకు కాపలా ఉంటుంది" అని అందరికీ ఒక్క ముక్కలో చెప్పేస్తారు.

ఆ వేసవిలో నేను ఎక్కువగా వెళ్లింది చిల్లకూరు దగ్గర ఒక అన్నదమ్ముల నిమ్మతోటకు. చిన్న తోట. మధ్యలో గట్టు, దానికి ఇటువైపు అన్నది, అటువైపు తమ్ముడిది. ఇళ్లూ పక్కపక్కనే. అన్నదమ్ములకు బాగానే కలుస్తుంది, ఒకే బోరు, ఒకే మోటారు సైకిలు. వాళ్ల భార్యల మధ్యే మాటల్లేవు.

కారణం వడియాలు. చాలా ఏళ్ల కిందట చిన్నావిడ మంచం మీద ఆరబెట్టిన వడియాలను పెద్దావిడ బర్రె తాడు తెంపుకుని వచ్చి మొత్తం తినేసింది. చిన్నావిడ అడగబోతే పెద్దావిడ, ఆ వడియాల్లో ఉప్పెక్కువై తన బర్రె తొట్టెడు నీళ్లు తాగిందని ఎదురు ఫిర్యాదు చేసింది. అంతే, ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. ఈ సంగతి నాకు ఇద్దరూ విడివిడిగా చెప్పారు. ఇద్దరి కథలోనూ బర్రెది తప్పు లేదు.

నిమ్మకు గిరాకీ అంతా ఎండాకాలంలోనే. వీళ్లు మధ్యాహ్నం దాకా కాయలు కోసి, గోతాల్లో నింపి, రేకుల షెడ్డు కింద పెట్టి, మర్నాడు పొద్దున్నే గూడూరు మార్కెట్టుకు వేసేవాళ్లు. ఇదివరకు అలాగే నడిచిపోయింది. ఇప్పుడా గోతంలో చెయ్యి పెడితే అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి తగిలేది. తెల్లారేసరికి ఆకుపచ్చ కాయలు పసుపెక్కి, తొక్క వడిలిపోయేది. మార్కెట్లో వీళ్ల కాయలు కొనే ముసలి సాయిబు గారు మహా మర్యాదస్తుడు. బాగాలేదనే మాట ఆయన నోట రాదు. ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కి, "కాయ మంచిదే అన్నా, దారిలో అలిసిపోయినట్టుండాది" అనేవాడు. ఆయన అలా అన్న రోజు అన్నదమ్ముల్లో పెద్దాయన ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట.

నేను వాళ్లకు చెప్పిన ఉపాయం కొత్తదేమీ కాదు. ఇటుకలతో నేల పరిచి, చుట్టూ రెండు వరసలుగా గోడ కట్టి, వరసల మధ్య ఇసుక నింపాలి. ఆ ఇసుకను పొద్దునా సాయంత్రం తడపాలి. పైన తడి గోనెపట్టా కప్పాలి. కుండలో నీళ్లు చల్లబడినట్టే ఆ తొట్టి లోపల చల్లబడుతుంది. కాయలు కూడా ఎండెక్కక ముందే కోసి, గోతాల్లో కుక్కకుండా గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టల్లో లోపల పెట్టాలి. అన్నదమ్ములు సరేనన్నారు. సమస్య ఎక్కడ కట్టాలన్న దగ్గర వచ్చింది. నీడ ఉన్నది ఒకే ఒక్క వేపచెట్టు కింద, ఆ చెట్టేమో రెండిళ్ల మధ్య హద్దు మీద ఉంది. పెద్దావిడ తమ వైపు ఉంటే బాగుంటుందని నాతో చెప్పింది. చిన్నావిడా తమ వైపు గురించి అదే మాట చెప్పింది. తమ్ముడు ఇద్దర్నీ అడక్కుండా సరిగ్గా హద్దు మీద మొదటి ఇటుక పెట్టేశాడు.

కట్టే రోజున శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచింది. అందరం పని ఆపి, కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని చూశాం. పొగ చెదిరిపోయాక పెద్దావిడ ఇసుక తట్ట అందుకుంటూ, "దాన్ని అంత పైకి పంపేదానికి తెలివుండాది, ఈ కాయను రేపటిదాకా నిలబెట్టేదానికి లేకపాయె" అంది. చిన్నావిడ నవ్వాపుకుంటూ అటు తిరిగింది. తోడికోడలి మాటకు నవ్వినట్టు తెలిస్తే ఓడిపోయినట్టే కదా.

నీళ్లు పోసే వంతులు నేనే కుదిర్చాను. పొద్దున పెద్దావిడ, సాయంత్రం చిన్నావిడ. ఒకరు ఒప్పుకున్నారని ఇంకొకరికి చెప్పడానికి ఆ వాకిలికీ ఈ వాకిలికీ నేనే తిరిగాను. నేను లేనప్పుడు ఆ పని ఒక కోడిపెట్ట చేసేది. "బిందె తీసినోళ్లు తీసినకాడ పెట్టాలని తెలీదా మే?" అని పెద్దావిడ కోడిని అడిగేది. కాసేపటికి చిన్నావిడ అదే కోడికి, బిందె అడుగున చిల్లు పడిందనీ, అతుకు వేయించడానికి ఇచ్చాననీ జవాబు చెప్పేది. కోడి గింజలు ఏరుకుంటూ రెండు వైపులా వినేది.

వారం తిరక్కుండానే నేను వెళ్లి చూస్తే తొట్టి చుట్టూ బురద. లోపల కింది బుట్టలో కాయలకు బూజు పట్టింది. ఇసుక అంచున ఒక కప్ప హాయిగా కాపురం పెట్టింది. విచారిస్తే తేలింది, ఎదుటి మనిషి వంతు తప్పుతుందన్న అనుమానంతో ఇద్దరూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నారు. ఇసుక తడిగా ఉంటే చాలు, వరిమడి కానక్కర్లేదని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఇద్దరూ తమ వంతు మాత్రమే పోశామని చెప్పారు. కప్ప మాత్రం ఏమీ అనలేదు.

తర్వాత బిట్రగుంట వైపు పనిపడి కొన్నాళ్లు నేను రాలేకపోయాను. సరిగ్గా అప్పుడే పడమటి గాలి మొదలైంది. ఆ వడగాడ్పుకు తొట్టి బాగా చల్లబడాలి, ఎందుకంటే గాలి ఎంత పొడిగా ఉంటే అంత మేలు. తిరిగొచ్చి గోనెపట్టా ఎత్తితే చేతికి అప్పడంలా గరగరలాడింది. ఇసుక ఎండిపోయి ఉంది. కాయలు ముడతలు పడి ఉన్నాయి. ఈసారి ఎదుటి మనిషి వంతు తప్పిందన్న అనుమానంతోనే ఇద్దరూ మానేశారు.

నేనొక ముడతల కాయ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అన్నదమ్ములు పరిస్థితి చూసి, పెట్రోలు పోయించుకు రావాలంటూ ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లిపోయారు.

చిన్నావిడ నాతోనే మొదలుపెట్టింది. "పొద్దున పోసిన తడే కనపడలా. నేనొక్కదాన్నే ఎందుకు పొయ్యాలని ఊరకున్నా."

"పొద్దున నేను పొయ్యలేదని ఎవురు చూసినారు?" పెద్దావిడ ఈ మాట నాతోనూ అనలేదు, కోడితోనూ అనలేదు.

"నేను చూసినా. కిటికీలోనించి రోజూ చూస్తానే ఉండా."

"చూసేదానికి తీరికుండాది, ఒక బిందె పోసేదానికి లేదు."

అక్కణ్ణుంచి కాయలు పక్కకు పోయాయి. మోటారు వంతులు వచ్చాయి, ఎవరి పెళ్లిలోనో వడ్డన వచ్చింది. చివరికి వడియాల దగ్గరికే చేరారు. చిన్నావిడ గొంతు కాస్త తగ్గింది. "తినిందంటే తినింది, నోరులేనిది. ఉప్పెక్కువని అన్నావే అక్కా, ఆ మాట నాకు ఇప్పటికీ వడియం ముట్టుకుంటే గుర్తొస్తాది."

పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "బర్రె నీళ్లు తాగింది నిజమే మే. ఉప్పు సంగతి నాకేం తెలుసు, అది నాకొకటన్నా మిగిల్చిందా?"

చిన్నావిడ లోపలికెళ్లి బిందె తెచ్చింది. పెద్దావిడ వెళ్లి బోరు వేసింది. ఆ రోజు నీళ్లు ఇద్దరూ కలిసే పోశారు, పోస్తున్నంతసేపూ ఇసుకలో ఏ మూల ఎక్కువ తడిసిందో వాదించుకుంటూనే ఉన్నారు. ముడతల కాయలన్నీ పిండి, చల్లటి షర్బతు చేశారు. అందులో నాకు రెండు గ్లాసులు దక్కాయి.

ఆ తర్వాత వంతులు తప్పలేదు. తప్పితే హద్దు మీదనుంచే కేక వినపడేది. వేకువనే కాయలు కోసి తొట్టిలో పెట్టి, మర్నాడు చల్లపొద్దున బుట్టల్లోనే మార్కెట్టుకు వేసేవాళ్లు. సాయిబు గారు ఒకరోజు కాయ నొక్కి చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టించుకున్నాడట. ఆయన ఏమీ అనలేదన్న సంగతి చెప్పడానికి పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. సముద్రం వైపు నుంచి తేమగాలి తిరిగిన రోజుల్లో తొట్టి అంతగా చల్లబడదు. అలాంటప్పుడు కాయలు ఉంచకుండా అదే రోజు వేసెయ్యమని చెప్పాను. అదీ వాళ్లకు అలవాటైంది. వీళ్లను చూసి ఊళ్లో ఇంకొందరు కట్టుకున్నారు. అందరూ కాయలే పెట్టారని చెప్పలేను. ఒకింట్లో మల్లెమొగ్గలూ పెరుగు గిన్నెలూ కనిపించాయి. ఇంకో చోట గోనెపట్టా ఎత్తబోతే ఇంటాయన గబగబా అడ్డం వచ్చి, లోపల పాముందని చెప్పాడు. పాముకు సీసా మూత ఉండటం నేను చూడనట్టే వచ్చేశాను.

మొన్న వరికోతల ముందు మళ్లీ ఆ అన్నదమ్ముల ఇంటికి వెళ్లాను. ఇప్పుడు కోతలప్పుడు అకాలవాన ఖాయమైపోయింది, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం తడిసి మొలకెత్తుతోంది. నేల నుంచి ఎత్తులో వెదురు తడికలు కట్టి, వాటిమీద ధాన్యం పల్చగా పరిచి, మబ్బు పట్టగానే టార్పాలిన్ లాగే ఏర్పాటు ఒకటి ఊరివాళ్లకు చూపించాలని నా ఆలోచన. ఎవరి డాబా మీద కట్టాలని అడిగాను. పెద్దావిడ తన డాబాకు గాలి బాగా తగులుతుందంది. చిన్నావిడ ఆ డాబా ఎక్కడానికి మెట్లు సరిగా లేవంది. నేను అలవాటుకొద్దీ ఇద్దరి మధ్యకూ వెళ్లి, ఒకరి మాట ఇంకొకరికి విడమరచబోయాను.

"నువ్వు కూర్చో పాపా," అంది పెద్దావిడ. "ఇది మేం మాట్లాడుకునే సంగతి."

నేను వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. తమ్ముడు నాకు టీ తెచ్చిచ్చి, తను కూడా పక్కన కూర్చున్నాడు. లోపల డాబా మెట్ల గురించి గట్టిగానే మాట్లాడుకుంటున్నారు. తేలేలా ఉందా అని అడిగాను. అన్నం వేళకు తేలుతుందని అతను చెప్పాడు.