అమ్మ క్యాసెట్టు, తమ్ముడి కంప్యూటరు

కువైట్‌లో ఒక కిరాణా స్టోరులో లెక్కలు చూసే రోజుల్లో అమ్మ నాకు ఒక క్యాసెట్టు పంపింది. ఆమెకు రాయడం రాదు. కడప నుంచి వచ్చేవాళ్లు అప్పట్లో ఊరగాయలతో పాటు ఇట్లాంటి మాటల క్యాసెట్లు కూడా తెచ్చేవాళ్లు. ఆమె పోయాక ఆమె గొంతు మిగిలింది అందులోనే. ఫోటోలన్నీ మా తమ్ముడి ఇంట్లో గోడకు ఉన్నాయి. నన్ను అడగకుండానే తీసుకుపోయారు, అది నేను మరిచిపోలేదు. గొంతు మాత్రం నా దగ్గర ఉంది.

నేను తిరిగొచ్చి కర్నూలులో కాపురం పెట్టేనాటికి మన ఎండలకు రీలు సాగి, అతుక్కోవడం మొదలైంది. టేప్ రికార్డర్లు బాగుచేసే ఆయన దాన్ని వెలుతురులో పట్టి చూశాడు.

"ఒక్కసారి తిరుగుతాదప్పా. రెండోసారికి నాది పూచీ లేదు. మధ్యలో ఆపితే ఆడనే అతుక్కుంటాది. ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కించుకో."

కంప్యూటరు కల్లూరులో మా తమ్ముడి అంగట్లో ఉంది. బిల్లుల కోసం ఎవరో వాడి వదిలేసింది కొన్నాడు. నేను గడప తొక్కితే చాలు, గిరాకీ ఎదుట "రా, దుబాయ్ సేఠూ" అంటాడు. నేనున్నది కువైట్ అని వాడికి తెలుసు. గృహప్రవేశానికి బావమరిదిని ఇంటికెళ్లి బొట్టుపెట్టి పిలిచినవాడు నన్ను ఫోన్లో పిలిచాడు. అయినా పోయాను. నాకు కావలసింది ఆ పెట్టెలో ఉంది మరి.

ముందు ఖాళీ క్యాసెట్టుతో ప్రయత్నించాను. రికార్డింగ్ సగంలో ఉండగా వర్చువల్ మెమరీ చాలడం లేదని తెర మీద ఒక డబ్బా వచ్చి, అంతా బిగుసుకుపోయింది. ఆ సంగతేమిటో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ మెషీనులో ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు సరుకు పెట్టుకునే చోటు, బొత్తిగా తక్కువ. అది నిండినప్పుడు కంప్యూటరు హార్డ్ డిస్కులోని ఖాళీ జాగాలో ఒక ఫైలు పెట్టుకొని, పట్టని సరుకును అందులో దించుతుంది. దాన్నే స్వాప్ ఫైలు అంటారు. రికార్డింగ్ మొత్తం అయి మనం సేవ్ చేసేదాకా గొంతంతా అందులోనే ఉండాలి. డిస్కులో ఖాళీ లేకపోతే ఆ ఫైలు పెరగదు. అంతే.

పాత సినిమాలు తీసేసి జాగా చేశాను. తమ్ముడికి అర్థమయ్యేట్టు చెప్పాను. "అంగడి ముందర చెనిక్కాయలు ఆరబోయల్లంటే పట్ట పరిచే చోటు ఉండాల కదా? ఇదీ అంతే. ఆ ఖాళీ ముట్టుకోవద్దు."

"ఖాళీతో పనేమన్నా? సరుకుతో పని గానీ," అన్నాడు వాడు.

మా ఇళ్లలో బియ్యం కొలిచే మానికను కూడా ఖాళీగా బోర్లించరు. అడుగున గుప్పెడు బియ్యమన్నా ఉంచుతారు. గోడౌనులో మూల కనిపిస్తే అక్కడికి బస్తా చేరాల్సిందే. అది తెలిసే రెండోసారి చెప్పాను. "సరేలే అన్నా, పిల్లోనికి చెప్పినట్ల చెప్తాండావు" అన్నాడు. శనివారం సాయంత్రం నేనే చూసుకొని పోయాను. జాగా ఉంది.

ఆదివారం అంగడి మూసి ఉన్నప్పుడు వైరు తగిలించి టేపు నొక్కాను. ముందు గరగర, తర్వాత అమ్మ. "ఇది తిరుగుతాండాదా? నాయనా, తింటాండావా? ఈడ వాన లేదు. మొన్న మహానందికి పోయొస్తిమి. కోనేట్లో నీళ్లు సల్లగా ఉండాయి. నీ పేరున కూడా ఒక మునక మునిగినా."

అక్కడే తెర మీద ఆ డబ్బా మళ్లీ వచ్చింది. మౌస్ కదల్లేదు. ఏ మీటా పనిచేయలేదు. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది. ఆపితే అతుక్కుంటుంది, ఆపకపోతే పోతుంది. చేతులు ఒళ్లో పెట్టుకొని విన్నాను. ఆమె బర్రె సంగతి చెప్పింది, ఎవరి పెళ్లికో పోలేకపోయానంది, ఎండలో తిరగొద్దంది. చివర్లో గొంతు లాగి లాగి మొద్దుబారి, రీలు చక్రానికి చుట్టుకొని తెగింది.

తమ్ముడు వచ్చి చూశాడు. రాత్రి వాడు కొడుకు పుట్టెంట్రుకల వీడియో సీడీలన్నీ డిస్కులోకి ఎక్కించాడట. "ఊరికే పడుండాది కదా అని ఏసినా," అన్నాడు. తర్వాత, "అయినా అమ్మ మాటలే కదన్నా. మనం విన్నేవే."

"నువ్వు వింటివి," అన్నాను. "ఆమె పక్కనే ఉంటివి."



కరెంటు తీసేసి, దాన్ని మళ్లీ ఆన్ చేయొద్దన్నాను. దించిన గొంతు ముక్కలు ముక్కలుగా ఆ స్వాప్ ఫైలులో ఉండాలి. ఆన్ చేస్తే కంప్యూటరు దాని మీదే కొత్తవి దించుకుంటుంది. కర్నూలులో కంప్యూటర్ సెంటరుకు పోయి అడిగాను. "అది తెరిచే ఫైలు కాదు సార్. అందులోది ఎవురూ తియ్యలేరు," అన్నాడు అక్కడి ఆయన, నా వంక చూడకుండా. హైదరాబాదులో తీసేవాళ్లు ఎవరైనా ఉంటారేమో, వారం ఆగమని తమ్ముణ్ని అడిగాను. బతిమాలుకున్నాను అనే చెప్పాలి.

"వారమా?" అన్నాడు. "చూద్దాంలే."

సోమవారం నేను పోయేసరికి సరుకు కోసం వచ్చిన పత్తికొండ వాళ్లు బయట లారీ పెట్టుకొని నిలబడ్డారు. "బిల్లు కొట్టాల కదన్నా," అన్నాడు తమ్ముడు. గొంతు మెత్తగానే ఉంది. స్విచ్చి నొక్కే ముందు ఒకసారి నా వైపు చూశాడు కూడా. వద్దు అన్నాను. ఆ మాట ఇంతకుముందే అన్నాను, అదే మళ్లీ అన్నాను. వాడు నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. మొదటి బిల్లు చక్కెర బస్తాలకు కొట్టాడు.