బాగున్న రోజుల మందు

నాకు చదువు రాక చాలాకాలం ఇది రాయలేదు. అరవై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను గాని, ఈ సంగతి రాయడానికి చెయ్యి ఆడలేదు. నిన్న పెట్టె సర్దుతుంటే మా ఆయన మందుల సంచీలోంచి ఆసుపత్రి కాగితం ఒకటి జారిపడింది. కూడబలుక్కుని చదివాను. ఉబ్బసం తగ్గినట్టున్నా రోజువారీ మందు ఆపవద్దని తెలుగులోనే ఉంది.

మేమిద్దరం కడియం నర్సరీలో కూలికి వెళ్లేవాళ్లం. నేను సంచుల్లో మట్టి నింపితే, ఆయన కొబ్బరి పొట్టు కలిపేవారు, మొక్కలకు మందు కొట్టేవారు. నలభై దాటేసరికి ఆయనకు ఆయాసం పట్టుకుంది. రాజమండ్రి డాక్టరు గారు పీల్చే మందులు రెండు ఇచ్చారు. గోధుమరంగుది బాగున్నా సరే రోజూ రెండు పూటలా పీల్చి నోరు పుక్కిలించాలని, నీలంది ఊపిరి ఆడనప్పుడే వాడాలని, దాని అవసరం తరచూ పడితే వెంటనే రమ్మని, అప్పుడు మందు ఒక మెట్టు పెంచుతానని, కుదుటపడితే తానే మెల్లగా తగ్గిస్తానని ఓపిగ్గా చెప్పారు.

నెల తిరిగేసరికి ఆయన తేరుకున్నారు. నర్సరీలో ఆకు ముడుచుకుంటేనే మందు కొడతాం. చిగురు తేరుకోగానే పంపు కడిగి బోర్లిస్తాం. మాకు తెలిసిన వైద్యం అదే.

"పురుగు లేని మొక్కకి మందు కొడతామేంటే, మాడిపోదూ?" అన్నారాయన.

"గోధుమరంగుది దాచి ఉంచుదామండి, కష్టానికి పనికొస్తుంది" అన్నాను. ఆ మాట నాదే.

చప్పున పనిచేసే నీలందే అసలు మందని నమ్మాం. వారానికోసారి పీల్చేది రోజూ అయింది, తర్వాత లారీకి మొక్కలెక్కిస్తూ గంటకోసారి అయింది. "ఏంటి బావా, ఈల ఊదుతున్నావా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే ఆయనా నవ్వేవారు. ఒక మధ్యాహ్నం గులాబీల లోడు సగంలో ఉండగా, ఎన్నిసార్లు పీల్చినా పట్టు వదల్లేదు. ఆటోలో, కాలవగట్టు మీద, నా ఒళ్లోనే పెదాలు నల్లబడ్డాయి. ఆసుపత్రి గుమ్మం దాకా ఊపిరి నిలవలేదు. గోధుమరంగు మందు ఇంట్లో దాచినచోటే ఉంది.

ఇప్పుడు నర్సరీల్లో మట్టి యంత్రాలు కలుపుతున్నాయి, కూలీలందరి చేతుల్లో ఫోన్లున్నాయి. నాతో సంచులు నింపే పక్కింటి అమ్మాయికీ ఉబ్బసమే; ఆమె మాత్రం నీలం మందొక్కటే కొంగున కట్టుకుని తిరుగుతోంది. గోధుమరంగుది ఒంట్లో బాగున్నాక మానేసిందట.

ఈ ఉదయం పనికి పోకుండా వాళ్లింటికి వెళ్లాను.

"ఇవాళ బాగానే ఉంది కదా అత్తా" అంది.

"అందుకే వచ్చాను" అన్నాను. ఆమె గోధుమరంగు మందు తీసి పీల్చి, నోరు పుక్కిలించి ఉమ్మేదాకా గడప మీదే కూర్చుని, తర్వాత ఆమెతో కలిసి డాక్టరు గారి దగ్గరికి ఆటో ఎక్కాను.